టార్బెల్ సభ్యుడు

మా శాసనసభలో మనుషులకు పేర్లుండవు, ఊళ్ళే ఉంటాయి. లేచి మాట్లాడేవాడు ఎదుటివాణ్ణి ఎంత దులిపేయాలనుకున్నా "ఫలానా ఊరి సభ్యుడు" అంటూనే దులపాలి. పేరు పెట్టాడా, స్పీకరు సుత్తి మోగుతుంది. ఓటింగుకు పిలిచేటప్పుడు మాత్రం ఇంటిపేరు వినపడుతుంది, దాని వెనకాలే మళ్ళీ ఊరు. అందుకని డెల్మర్ విట్కంబ్ అనే మనిషి పద్దెనిమిదేళ్ళపాటు మా రాష్ట్ర రాజధాని మాంట్‌పీలియర్‌లో టార్బెల్ సభ్యుడు. ఆ పిలుపు ఇంటిదాకా పాకింది. ఆయన భార్య వెర్నా వంటింట్లోంచి అరిచేది: "అయ్యా టార్బెల్ సభ్యుడు గారూ, బురద బూట్లు గుమ్మం బయట విప్పడానికి తీర్మానం ఏమైనా పెట్టాలా?"

మొన్న అక్టోబరులో పోయాడు. ఎనభై ఎనిమిదేళ్ళు. పేపర్లో వేశారు: పాడి రైతు, వెర్నా భర్త, శాసనసభలో పద్దెనిమిదేళ్ళు. మూడు లైన్లు. నాకు ఒళ్ళు మండిపోయింది. పాత ట్రాక్టరు అమ్ముతామన్న ప్రకటనకు ఇంతకంటే ఎక్కువ చోటిస్తారు మా పేపరువాళ్ళు. ఆ పద్దెనిమిదేళ్ళూ ఆయన పికప్పు బండిలో పక్క సీట్లో కూర్చున్నదాన్ని నేను. కాబట్టి మిగతా లైన్లు నేను రాస్తాను.

నా పేరు లొరేన్ ఫూర్నియే. ఆ రోజుల్లో సభలో సహాయ గుమాస్తాని. పెద్ద గుమాస్తా ఒక్కొక్క పేరూ చదువుతుంటే, సభ్యుడు లేచి అవునో కాదో చెబుతుంటే, కాగితం మీద గీతలు గీయడం నా పని. ఇప్పుడు నాకు ఎనభై ఏళ్ళు. అప్పట్లో మా ఆయన పోయాడు, కారు అమ్మేశాను, బండి నడపడం నాకు రాదు. టార్బెల్ నుంచి మాంట్‌పీలియర్‌కు గంటంపావు దారి. డెల్మర్ సభకు ఎన్నికైన తొలి జనవరిలోనే మా ఇంటి ముందు హారను కొట్టాడు. "ఎలాగూ ఆ దారే పోతున్నాను, ఎక్కు" అన్నాడు. ఎక్కాను.

ఎన్నికవడం కూడా ఆయన కోరి ఎన్నికైంది కాదు. అంతకు ముందున్న సభ్యుడు ముసలితనం వల్ల తప్పుకుంటే, పార్టీవాళ్ళు ఏడుగురు ఊళ్ళో కొట్టు వెనక గదిలో కూర్చుని ఎవర్ని నిలబెట్టాలా అని జుట్లు పీక్కుంటున్నారు. డెల్మర్ పేడ ఎత్తే గొలుసుకు బోల్టు కొనడానికి వచ్చాడు.

"డెల్మర్, నీ దగ్గర కోటుందా?" అని అడిగారు.

"ఒకటుంది. పెళ్ళిది."

"పడుతుందా?"

"గుండీలు పెట్టుకోకపోతే పడుతుంది."

"అయితే నువ్వే."

అలా బోల్టుకు వచ్చినవాడు అభ్యర్థి అయి ఇంటికి పోయాడు. బోల్టు మరిచిపోయి వచ్చాడని వెర్నా తిట్టింది.

ఆ పెళ్ళికోటుతోనే ఆరేళ్ళు నెట్టుకొచ్చాడు. ముప్పైరెండు ఆవులుండేవి. తెల్లవారుజామున పాలు పితికి, ఆరింటికల్లా నన్ను ఎక్కించుకునేవాడు. ఎంత కడుక్కున్నా ఆ కోటుకు కొట్టం వాసన ఉండేది. ముందు నాకు తలనొప్పి వచ్చేది, తర్వాత ఆ వాసన లేకపోతే బండి ఎవరిదోలా అనిపించేది. జేబులో చెడ్డార్ చీజు ముక్క, ఒక ఆపిల్. సగం దారిలో చాకుతో కోసి నాకింత పెట్టేవాడు. రేడియోలో పాల ధర, వాతావరణం వినేవాళ్ళం, ఆ తర్వాత గొడవపడేవాళ్ళం. ఆయనది ఒక పార్టీ, నాది ఇంకొకటి. ఓటు మాత్రం ప్రతిసారీ ఆయనకే వేసేదాన్ని. అది ఆయనకూ తెలుసు.

సభలో పెద్ద మాటకారి కాదు. పద్దెనిమిదేళ్ళలో పదకొండుసార్లు మాట్లాడాడు. సభలో జరిగినదంతా రాసే పుస్తకం నా చేతి మీదుగానే పోయేది కాబట్టి ఖచ్చితంగా చెబుతున్నాను. ఆయన తెచ్చిన చట్టం కూడా ఒక్కటే, నాలుగు లైన్లది. మంచు కరిగే రోజుల్లో మా మట్టిరోడ్లు బండ్లను చక్రాల దాకా మింగేస్తాయి. ఆ నెల రోజులూ బరువు బండ్లు తిరగకూడదని ఊళ్ళు బోర్డులు పెడతాయి. మరి పాల ట్యాంకరు రాకపోతే రైతు పితికిన పాలు ఏం చేసుకోవాలి? కాలవలో పొయ్యడమే. సగం లోడుతో ట్యాంకరును తెల్లారకముందు, నేల గడ్డకట్టి ఉన్నప్పుడు రానివ్వాలని ఆయన బిల్లు. దానికి ఆరేళ్ళు పట్టింది. ఆరోసారి నెగ్గిన రోజున మేపుల్ చెట్ల తీపి పాకం డబ్బా తెచ్చి, సభాభవనం వంటగదిలో కాచి, పచ్చిక మీద నుంచి శుభ్రమైన మంచు పళ్ళేలకెత్తి, దాని మీద పోసి అందరికీ పెట్టాడు. పక్కన, మా వైపు అలవాటు ప్రకారం, ఊరగాయ దోసకాయలు, డోనట్లు. ఆష్‌వెల్ సభ్యుడు హాలిస్ ప్రాట్ మూడు పళ్ళేలు లాగించాడు.

"నువ్వు వ్యతిరేకంగా కదయ్యా ఓటేసింది?" అన్నాడు డెల్మర్.

"బిల్లుకు వ్యతిరేకం. పాకానికి కాదు" అన్నాడు హాలిస్, మూతి తుడుచుకుంటూ.

ఈ హాలిస్ గురించి చెప్పాలి. దక్షిణాన ఉన్న పెద్ద ఊరి లాయరు. మెడకు బో టై, కాళ్ళకు నిగనిగలాడే బూట్లు. డెల్మర్ అవునంటే ఈయన కాదనేవాడు, ఈయన అవునంటే డెల్మర్ కాదనేవాడు. అయినా మధ్యాహ్నం భోజనశాలలో ఒకే బల్ల దగ్గర కూర్చునేవారు. "ఈ బల్ల దగ్గరికి ఎవరో ఆవును తోలుకొచ్చారు" అని హాలిస్ ముక్కు మూసుకునేవాడు. "ఆవు కాదు, ఆష్‌వెల్ నుంచి వచ్చిన ఎద్దు" అని డెల్మర్ అనేవాడు. వాళ్ళిద్దరి మధ్య నేను సూప్ తాగేదాన్ని. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నోట్లో ఆ మొక్కజొన్న సూప్ రుచి తగులుతుంది. ఇప్పుడు ఆ బల్లల దగ్గర కూర్చునేవాళ్ళు ఎవరి పార్టీ వాళ్ళతో వాళ్ళే కూర్చుంటున్నారట. మా పాత తలుపు కాపలాదారు చెప్పాడు. 

మా సభకు రెండేళ్ళకో ఎన్నిక. ఆయన తొమ్మిదో దఫాలో, ఫిబ్రవరిలో, బడుల బిల్లు వచ్చింది. వందమందికి తక్కువ పిల్లలున్న బడులన్నీ మూసి పక్క ఊళ్ళ బడుల్లో కలపాలి. టార్బెల్ బడిలో యాభై ఎనిమిది మంది. నేను చదివిన బడి అది. మా అమ్మాయి క్లాడీన్ అక్కడ వంట చేసేది. మనవరాలు జోసీ రెండో తరగతి. బడి మూస్తే ఆ పిల్ల కొండ దాటి యాభై నిమిషాలు బస్సులో పోవాలి, మళ్ళీ యాభై నిమిషాలు రావాలి. మా ఊళ్ళో ఆ బడి తప్ప మనుషులు కలిసే చోటు లేదు. ఊరిసభ అక్కడే, పెళ్ళి విందులు అక్కడే, చావు భోజనాలూ అక్కడే. ఆ చలికాలమంతా ఎవరింటికి పోయినా, ఎవరు కొట్టులో కలిసినా ఒకటే మాట: "డెల్మర్ ఉన్నాడుగా, చూసుకుంటాడు."

ఓటింగు బుధవారం. ముందు గురువారం మధ్యాహ్నం మా బల్ల దగ్గరికి హాలిస్ ఆలస్యంగా వచ్చాడు. పళ్ళెం తెచ్చుకోలేదు. బో టై పక్కకు తిరిగి ఉంది.

"డెల్మర్, బుధవారం నేనుండను. ఐడాకు ఆపరేషను. బోస్టన్లో."

డెల్మర్ చెంచా కింద పెట్టాడు. "పెద్దదా?"

"కడుపులో. కోస్తేగానీ తెలీదంటున్నారు." కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఆ రోజే బడుల బిల్లు. నాతో జత కడతావా?"

జత కట్టడమంటే మా సభలో పాత మర్యాద. అవుననేవాడు ఒకడు, కాదనేవాడు ఒకడు. మొదటివాడికి రాలేని కష్టం వస్తే రెండోవాడు తన ఓటు కూడా ఆపుకుంటాడు. అప్పుడు రాలేనివాడి వల్ల అతని పక్షానికి నష్టం ఉండదు. ఇద్దరూ చీటీ మీద సంతకం పెట్టి గుమాస్తాకు ఇస్తారు. ఓటింగులో పేరు పిలిచినప్పుడు ఉన్నవాడు లేచి జత ప్రకటిస్తాడు. అలా ప్రకటించేదాకా దానికి చట్టబలం ఏమీ లేదు. ఉన్నదల్లా మనిషి మాటే.

"కడతాను" అన్నాడు డెల్మర్.

"అంత గభాల్న ఒప్పుకోకు. ఆలోచించుకో. మీ ఊరి బడి అందులో ఉంది."

"ఆలోచించేదేముంది? మీ బిల్లు పది ఓట్లతో తన్నేస్తుంది. ఇక్కడ కూర్చుని పరువు పోగొట్టుకునే బదులు వెళ్ళి ఐడా పక్కన కూర్చో."

హాలిస్ నవ్వాడు. నవ్వుతూనే కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇద్దరూ సంతకాలు పెట్టారు. చీటీ నా చేతికే ఇచ్చారు. నేనూ పది ఓట్ల తేడా ఉందనే అనుకున్నాను, సభలో అందరూ అదే అనుకున్నారు. అందుకే ఆ చీటీని నా బల్ల సొరుగులో పెట్టి సూప్ పూర్తి చేశాను.

శని, ఆదివారాల్లో బిల్లు తెచ్చినవాళ్ళు ఊరుకోలేదు. ఒకాయనకు వాళ్ళ ఊరి వంతెన, ఇంకొకాయనకు వాళ్ళ బడికి రెండేళ్ళ గడువు, ఇంకొకాయనకు ఏదో కమిటీలో కుర్చీ ఆశ చూపి ఓట్లు లాక్కున్నారు. మంగళవారం సాయంత్రం నేను కాగితం మీద గీతలు గీసి చూసుకున్నాను. డెల్మర్ కాదంటే డెబ్బైనాలుగు, డెబ్బైనాలుగు. సమానమైతే స్పీకరు ఓటు వేయాలి. స్పీకరు ఊరి బడి కూడా ఆ జాబితాలోనే ఉంది, ఆయన ఎటు వేస్తాడో చిన్నపిల్లలకు కూడా తెలుసు. డెల్మర్ నోరు తెరిస్తే మా బడి నిలుస్తుంది. తెరవకపోతే ఒక్క ఓటుతో పోతుంది.

బుధవారం బండెక్కగానే మొదలుపెట్టాను.

"ఆ చీటీ ఇంకా నా సొరుగులోనే ఉంది, డెల్మర్."

"ఉంటే?"

"సొరుగుల్లో కాగితాలు పోతుంటాయి. నా సొరుగు సంగతి నీకు తెలుసు."

గేరు మార్చి మలుపు తిప్పాడు. "పోతే ఇంకోటి రాసిస్తాలే" అన్నాడు.

"నీకు చెవుడా? లెక్క మారిపోయింది. అప్పటి మాట వేరు, ఇప్పటి సంగతి వేరు."

"హాలిస్‌కు మారలేదుగా. ఆపరేషను ఇవాళే."

"పోనీ ఫోన్ చెయ్యి. నన్ను వదిలెయ్యి బాబూ అని ఒక్క మాట అడుగు. వదిలేస్తాడు, మంచోడేగా."

"వదిలేస్తాడు" అన్నాడు డెల్మర్. "అదే నా భయం. లోపల పెళ్ళాన్ని కోస్తుంటే బయట బల్ల మీద కూర్చుని ఉంటాడు. నర్సు వచ్చి మీకు ఫోనండీ అంటే వాడి ప్రాణం ఏమైపోతుంది, లొరేన్? వణుక్కుంటూ వచ్చి ఎత్తితే, నేనురా, నా బడి సంగతి అనమంటావా?"

"అనమంటాను! జోసీ కోసం నేనైతే అంటాను."

"తెలుసు. నువ్వంటావు. నాకు నోరు రాదు."

సభాభవనం మెట్ల దగ్గర ఆయన పక్షంవాళ్ళు నలుగురు కాచుకుని ఉన్నారు. బతిమాలారు, కేకలేశారు. అటువాళ్ళు మాత్రం మర్యాదలు పాటించే ఓట్లు కొన్నారా అన్నాడొకడు. అదీ నిజమే. డెల్మర్ తల ఊపుతూ విన్నాడు. ఆపిల్ కోసుకు తిన్నాడు కాదు ఆ రోజు, జేబులోనే ఉండిపోయింది.

ఓటింగు మొదలైంది. పెద్ద గుమాస్తా అక్షరాల వరసన పిలుస్తున్నాడు. నేను గీస్తున్నాను. విట్కంబ్ ఆ ఏడు వరసలో ఆఖరి పేరు. మామూలు రోజుల్లో అక్కడికి వచ్చేసరికి సగం మంది లేచి కోట్లు వేసుకుంటుంటారు. ఆ రోజు ఒక్క కుర్చీ కిర్రుమనలేదు. అవును డెబ్బైనాలుగు, కాదు డెబ్బైమూడు. నా గీతలు నేను రెండుసార్లు లెక్కపెట్టాను.

"విట్కంబ్, టార్బెల్."

ఆయన లేచాడు. బల్ల అంచు రెండు చేతులతో పట్టుకున్నాడు. నా వైపు చూడలేదు. నేను చూస్తూనే ఉన్నాను, దేవుడా ఈ ఒక్కసారికి ఈయన నోరు జారనివ్వు అని దణ్ణం పెట్టుకుంటున్నాను.

"స్పీకరు గారూ, నేను ఆష్‌వెల్ సభ్యుడితో జత కట్టాను. ఆయనే ఇక్కడ ఉంటే అవుననేవాడు." స్పీకరు వైపే చూస్తూ మిగతాదీ అన్నాడు: "నేను కాదనేవాణ్ణి."

కూర్చున్నాడు. నేను చీటీ తీసి పెద్ద గుమాస్తాకు ఇచ్చాను. ఆ కాగితం ఇస్తున్నప్పుడు నా చెయ్యి తెగిపోతే బాగుండుననిపించింది.

 సాయంత్రం మా ఇంటి ముందు బండి దిగుతూ, "బడి పిల్లలకు నువ్వే చెప్పుకో" అని తలుపు విసిరి కొట్టాను. కోపంలో అన్న మాట. ఆయన నిజంగానే మర్నాడు బడికి పోయాడట. భోజనాలప్పుడు వంటగది గుమ్మంలో నిలబడి, బడి జూన్‌లో మూస్తారని, అందులో తన చెయ్యి కూడా ఉందని యాభై ఎనిమిది మందికీ చెప్పాడట. రెండో తరగతి పిల్లలు అడిగిన ప్రశ్న ఒక్కటే, తరగతి గదిలో పెంచే కుందేలు ఎక్కడికి పోతుందని. "మా కొట్టంలో చోటుంది" అన్నాడట. క్లాడీన్ ఇంటికొచ్చి ఇదంతా చెబుతూ ఏడ్చింది. ఎవరి మీద ఏడుస్తున్నదో దానికే తెలియదు.

మార్చి మొదటి మంగళవారం ఊరిసభ. ఏటా ఆ రోజు సభ్యుడు లేచి మాంట్‌పీలియర్ సంగతులు చెప్పాలి. ఏటా డెల్మర్ ఏదో పాల సంగతి గొణిగేవాడు, జనం భోజనంలో బీన్స్ ఎప్పుడు పెడతారా అని చూసేవారు. ఈసారి గోడల పొడుగునా కూడా నిలబడ్డారు.

"నేను సంతకం పెట్టేనాటికి బిల్లు పది ఓట్లతో పోతుందనుకున్నాను" అన్నాడు. "అలా అనుకోవడం నా తప్పు. పెట్టాక నాకు చేసేదేం కనపడలేదు."

రోడ్ల మేస్త్రీ స్టాన్లీ లేచాడు. "డెల్మర్, నిన్ను పంపింది మేమా, ఆష్‌వెల్ వాళ్ళా?"

"మీరే."

"మరి మాకిచ్చిన మాట సంగతేంటి?"

 డెల్మర్ టోపీ చేతిలోకి తీసుకుని కూర్చున్నాడు.  స్టాన్లీ కూడా కూర్చున్నాడు. భోజనాల దగ్గర క్లాడీన్ గరిటె పట్టుకుని వడ్డిస్తోంది. ఆయన పళ్ళెం రాగానే ఆగింది.

"మా జోసీ యాభై నిమిషాలు కూర్చుంటుంది బస్సులో. దానికెవరు జత కడతారు, డెల్మర్ అంకుల్?" అంది. అంటూనే పళ్ళెం నిండా వడ్డించింది, హామ్ ముక్క కూడా పెద్దదే వేసింది. ఆయన పళ్ళెం పట్టుకుపోయి గోడ పక్కన కూర్చున్నాడు.

జూన్‌లో బడి మూశారు. ఐడా ప్రాట్ బతికింది. ఆ మాట విన్నప్పుడు సంతోషించాను, అబద్ధం చెప్పను. సంతోషించినందుకు నా మీద నాకే కోపం కూడా వచ్చింది.

డెల్మర్ పదోసారి ఎన్నికకు నిలబడ్డాడు. వద్దని వెర్నా కూడా అంది. "పారిపోయినట్టుంటుంది" అన్నాడట. ఎదుటి అభ్యర్థి క్రెగ్ సోరెల్ అని, ఊరికి కొత్తగా వచ్చిన ఇన్సూరెన్సు ఏజెంటు, నవ్వితే పళ్ళన్నీ కనపడే రకం. అక్టోబరులో ఒకరోజు కొట్టు ముందు పెద్ద కారు ఆగింది. బో టై కట్టుకుని హాలిస్ ప్రాట్ దిగాడు. వేరే పార్టీ సభ్యుడు, ఊరు కాని ఊరు వచ్చి, కొట్టుకొచ్చిన ప్రతివాడి చెయ్యీ పట్టుకుని, విట్కంబ్ లాంటి మనిషిని నేను చూడలేదు, ఆయనకే వెయ్యండి అని మధ్యాహ్నం దాకా చెప్పాడు. జనం చెయ్యి వెనక్కి లాక్కున్నారు. బడి మూయించినవాడు కదా.

డెల్మర్ పరుగున వచ్చాడు. "హాలిస్, నీకు దణ్ణం పెడతాను, ఇంటికి పో. నువ్వు చెయ్యి కలిపిన ప్రతివాడితో నాకు ఒక ఓటు తగ్గుతోంది."

"నీకేదైనా చెయ్యాలని వచ్చాను."

"ఐడాను బాగా చూసుకో. అదే చెయ్యి."

ఇక నవంబరు. ఇది నేను ఇంతవరకు మా క్లాడీన్‌కు కూడా చెప్పలేదు. ఆ మంగళవారం ఉదయం జోసీని బస్సెక్కించాను. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. పిల్ల టోపీలోంచి నిద్ర కళ్ళతో చూసి, "అమ్మమ్మా, నేను ముందు సీట్లో కూర్చోనా, వెనక కూర్చుంటే వాంతవుతోంది" అంది. బస్సు పోయింది. నేను అక్కణ్ణుంచి నేరుగా ఓట్లు వేసే ఊరి ఆఫీసుకు నడిచి, కాగితం తీసుకుని, తెర వెనక్కి పోయి క్రెగ్ సోరెల్ పేరు పక్కన గీత పెట్టాను. గీతలు గీయడమే కదా నా పని.  మనసారా వేశాను. రెండు వందల పన్నెండు డెల్మర్‌కు, రెండు వందల ఇరవైయొకటి సోరెల్‌కు. తొమ్మిది ఓట్లతో పోయాడు.

ఇంటికొచ్చి కాఫీ పెట్టుకున్నప్పుడు కూడా చేసింది న్యాయమనే అనుకున్నాను. ఇప్పటికీ సగం అలాగే అనుకుంటాను. మిగతా సగం ఏమనుకుంటుందో ఇరవై నాలుగేళ్ళుగా వింటూనే ఉన్నాను.

జనవరిలో కొత్త సభ. సోరెల్ నన్ను తీసుకెళతానని అనలేదు, నేను అడగలేదు. మాంట్‌పీలియర్‌లో గది అద్దెకు చూసుకోవాలని పెట్టె సర్దుకుంటున్నాను. ఆరింటికి బయట హారను మోగింది. కిటికీలోంచి చూస్తే ఆ బండే. కోటు కాదు, కొట్టంలో వేసుకునే గళ్ళ చొక్కా, చెవుల టోపీ.

"నీకిప్పుడు అక్కడ ఏం పని?" అన్నాను తలుపు తెరిచి.

"నాకేం పనిలేదు. నీకుందిగా. ఎక్కు, ఇంజను చల్లారిపోతుంది."

ఎక్కాను. మొదటి కొండ దిగేదాకా పాల ధర విన్నాం. ఆవులు కూడా తనను పగలు కొట్టంలో చూసి ఎవరీయన అన్నట్టు మొహం పెడుతున్నాయి అన్నాడు. వెర్నా రోజుకు మూడుసార్లు తరిమేస్తోందన్నాడు. బడి కుందేలు పిల్లల్ని పెట్టిందన్నాడు. నేను నవ్వాను, ఆయనా నవ్వాడు. తర్వాత రేడియో కట్టేశాడు.

"ఓడిన కొత్తలో రోజూ లెక్క వేసుకునేవాణ్ణి, లొరేన్" అన్నాడు. "కొట్టుకు పోతే, వీడు వేశాడా, వాడు వేశాడా అని మొహాలు చూసేవాణ్ణి. స్టాన్లీ వేయలేదు, అది తెలుస్తూనే ఉంది. వాణ్ణి తప్పు పట్టను. మరీ పిచ్చెక్కిపోతుందేమోనని మానేశాను. ఆ రెండు వందల పన్నెండులో నీదొకటి ఉంది. నాకు అది చాలు." నా వైపు తిరిగాడు. "నీదుందిగా?"

కిటికీ అద్దం మీద మంచు పేరుకుంది. నేను గోటితో గీకుతున్నాను.

"నాది లేకపోతే ఇంకెవరిది ఉంటుంది, డెల్మర్?" అన్నాను.

ఆయన తల ఊపాడు. చెయ్యి చాచి హీటరు గాలి నా కాళ్ళ వైపు తిప్పాడు.